ఇల్లు కట్టి చూచిన నవాబు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న సామెత తెలుగునాట పుట్టిన ప్రతి పిల్లవాడూ విన్నదే. ఆ సామెతలోని మొదటి సగాన్ని పూర్తిగా అనుభవించిన మనిషిని చూపమంటే, హైదరాబాదు నగరానికి దక్షిణాన ఉన్న ఒక కొండవైపు వ్రేలు చూపవలసి ఉంటుంది. చార్మినారుకు ఇంచుమించు 5 కిలోమీటర్ల దూరాన, పాతబస్తీ ఇండ్ల కప్పులన్నిటికీ పైగా, ఆ కొండనెత్తిన ఒక సౌధం నిలిచి ఉన్నది. దాని పేరు ఫలక్‌నుమా. ఫలక్ అనగా ఆకాశం, నుమా అనగా వలె కనిపించునది. ఆకాశాన్ని పోలిన ఇల్లు కట్టదలచినవాడు సామాన్యుడు కాడు. ఆ ఇంటిని తనదిగా నిలుపుకొనలేకపోయినవాడు మాత్రం మన సామెతలోని మనిషే.

ఈనాడది రాజభవనం కాదు, హోటలు. 2010 నవంబరు మొదలుకొని తాజ్ సంస్థవారు దానిని నడుపుతున్నారు. సొమ్ము చెల్లించగలిగినవారు ఎవరైనా అక్కడ ఒక రాత్రి విడిది చేయవచ్చును. వచ్చిన అతిథిని ద్వారం కడనుండి గుర్రపు బండిలో పైకి తీసికొనిపోతారు. మెట్లెక్కుతున్నవానిపై గులాబీ రేకులు చల్లుతారు. లోపల అడుగిడగానే ఇటలీ పాలరాయి, చిత్రాలు దిద్దిన పైకప్పు, రంగుటద్దాల కిటికీలు, వెనిసు నగరపు దీపగుచ్ఛాలు కన్నులకు విందుచేస్తాయి. ఇంత వైభవం నడుమ తీరికగా పరికించే అతిథికి ఒక చిన్న సంగతి తటస్థపడుతుంది. గోడల అలంకారాలలోను, పాత సామగ్రిమీదను, రెండు ఆంగ్లాక్షరాలు జంటగా చెక్కి ఉంటాయి. అవి వి, ఓ అన్న అక్షరాలు. ఈ ఇంటిలో కన్నుమూసిన నిజాము పేరుకు అవి సరిపోవు. హోటలు పేరుకూ సరిపోవు. అవి ఈ సౌధాన్ని కట్టించిన నవాబు వికారుల్ ఉమ్రావి. ఉమ్రా అన్న మాటను ఆనాటివారు ఆంగ్లంలో ఓ అక్షరంతో మొదలుపెట్టి వ్రాసేవారు. ఇల్లు చేతులు మారినది గాని ఆ అక్షరాలు చెరగలేదు. వాటి వెనుకనున్న మనిషి జీవితం విద్యార్థులకు తెలియదగినది.

వికార్ అంటే ఉర్దూలో గౌరవమని అర్థం. ఉమ్రా అంటే ప్రభువర్గం. తెలుగులోని వికారమనే మాటతో దీనికి చుట్టరికమేమీ లేదు. వికారాబాదు అన్న ఊరి పేరు ఈ బిరుదునుండి వచ్చినదే. రైలుబండిలో ఆ స్టేషను దాటినప్పుడల్లా నవ్వుకొనే పిల్లలకు ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పవచ్చును.

ఆయన అసలు పేరు మహమ్మద్ ఫజ్లుద్దీన్ ఖాన్. 1856లో పాయిగా వంశంలో జన్మించినాడు. హైదరాబాదు సంస్థానంలో నిజాము తరువాత అంతటి ఐశ్వర్యమూ, అంతటి అంతస్తూ గల కుటుంబం పాయిగాలదే. నిజాము సేనలో అశ్విక దళాన్ని పోషించడం వారి పూర్వుల బాధ్యత. ఆ సేవకుగాను వారికి జాగీరులు లభించినవి. కాలక్రమాన పాయిగా కుటుంబం మూడు శాఖలైనది. మూడు శాఖల జాగీరులూ కలిసి సుమారు 4,000 చదరపు మైళ్ళ నేల. నిజాముల ఇంటి ఆడుబిడ్డలను పాయిగాల ఇంటికి కోడండ్రుగా పంపడం తరతరాల ఆచారమైనది. అందుచేత వీరు సామంతులూ అయినారు, చుట్టాలూ అయినారు.

ఈ వంశంవారికి విద్యాభిమానమూ ఉండినది. ఫజ్లుద్దీన్ పితామహుడు ఫక్రుద్దీన్ ఖాన్ గణితంలోను, ప్రకృతి శాస్త్రాలలోను ఆసక్తి గలవాడు. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెప్పించి, స్వంత ముద్రాలయంలో అచ్చొత్తించినాడు. ఇల్లు కట్టడం, తోటలు వేయడం, దూరదేశాల వస్తువులు సేకరించడం ఆ ఇంటి పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన అలవాట్లు.

ఫజ్లుద్దీన్ బాల్యంలో హైదరాబాదు రాజకీయం సంధియుగంలో ఉన్నది. 1869లో అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా మరణించినాడు. వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి మూడేండ్లు కూడ నిండలేదు. బాలప్రభువు పక్షాన పాలన నడపడానికి దివాను సాలార్‌జంగుతోపాటు పాయిగా పెద్దయైన అమీరె కబీరు కూడ సంరక్షకుడైనాడు. 1877లో ఆ స్థానం ఫజ్లుద్దీన్ తండ్రి రషీదుద్దీన్ ఖాన్‌కు దక్కినది. ఈ విధంగా ఇరవయ్యేండ్ల ప్రాయానికే యువకుడు రాజ్యతంత్రాన్ని తన ఇంటి గడపలోనుండి చూడగలిగినాడు. 1881లో తండ్రి గతించినాడు. అన్న ఖుర్షీద్ జా, పినతండ్రి వరుస బంధువుల సంతతియైన ఆస్మాన్ జా, తాను, ఈ ముగ్గురూ మూడు పాయిగాలకు అధిపతులుగా ప్రసిద్ధికెక్కినారు. ముగ్గురికీ ముగ్గురే. ఒకరు మేడ కట్టించితే మరొకరు అంతకంటె మిన్నగా కట్టింపవలెనన్న పట్టుదల వారిలో ఉండినది.

ఫజ్లుద్దీన్ వివాహం అఫ్జలుద్దౌలా కుమార్తెతో జరిగినది. అనగా ఆయన మహబూబ్ అలీఖాన్‌కు బావ. వయస్సులో పదేండ్లు పెద్ద. పిల్లవాడైన నిజాముకు ఈ బావగారి నడకా, దుస్తులూ, ఐరోపా పద్ధతులూ వింతగా, ముచ్చటగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. వికారుల్ ఉమ్రా ఐరోపా ఖండం తిరిగినవాడు. అక్కడి ప్రభువుల మందిరాలు ఆయన మనస్సును పట్టివేసినవి. హైదరాబాదులో అంతవరకు దేవిడీలంటే లోపలికి తిరిగిన ఇండ్లు. ఎత్తైన గోడలు, నడుమ ముంగిలి, వీధివైపు మౌనం. ఆయన కట్టదలచినది బయటికి తిరిగిన ఇల్లు. నగరమంతా దానిని చూడవలె, అది నగరాన్నంతటినీ చూడవలె.

1884 మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. దానికి నెల ముందే, ఫిబ్రవరి 5న, వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదుకు వచ్చి పదునేడేండ్ల మహబూబ్ అలీఖాన్‌కు పూర్ణాధికారాలు అప్పగించినాడు. బావమరిది రాజ్యమేలడం మొదలుపెట్టిన వసంతంలోనే బావగారు ఇల్లు కట్టడం మొదలుపెట్టినాడన్నమాట. రూపకల్పన మారెట్ అనే ఆంగ్ల వాస్తుశిల్పిది. ఇటలీ రీతినీ, ఇంగ్లండులోని ట్యూడర్ రీతినీ కలిపిన కట్టడమది. మొత్తం స్థలం 32 ఎకరాలు. పైనుండి చూచితే భవనం తేలు ఆకారంలో ఉంటుందని చెప్పుకొంటారు. ఉత్తరాన రెండు కొండెలవలె చాచిన రెక్కలు, నడుమ ప్రధాన సౌధం, దక్షిణాన గోల్ బంగళా, జనానా మహలు.

కట్టడం ముగియడానికి తొమ్మిదేండ్లు పట్టినది. ఇల్లు కట్టించినవారికెల్ల తెలిసిన సంగతే, గోడలు లేవడం ఒక ఎత్తు, ముగింపు పనులు మరొక ఎత్తు. వికారుల్ ఉమ్రా ఓపిక పట్టలేకపోయినాడు. 1890 డిసెంబరులోనే గోల్ బంగళాలోనూ, జనానా మహలులోనూ కాపురం పెట్టి, మర్దానా భాగపు పనులను దగ్గర ఉండి చూచుకొన్నాడు. సున్నపు వాసన పోకముందే గృహప్రవేశం చేసిన మన మధ్యతరగతి గృహస్థునకూ, ఆయనకూ ఈ ఒక్క విషయంలో భేదం కనబడదు.

ఆ ఇంటిలోని గదులను వర్ణించడానికి ఒక వ్యాసం చాలదు. రెండింటిని మాత్రం చెప్పుకొందాము. మొదటిది భోజనశాల. ఒకే పొడవైన బల్ల, దాని చుట్టూ 101 కుర్చీలు. బల్ల పొడవు ఇంచుమించు 108 అడుగులు. కుర్చీలు నగిషీ చెక్కిన కలపవి, ఆకుపచ్చని తోలు కప్పినవి. ఒకే పంక్తిని ఇంతమంది కూర్చుండి భుజించడం మనకు పెండ్లి పందిళ్ళలో కొత్త కాదు. అయితే అక్కడ విస్తరి వేసినవాడు ఒక్కనాటి గృహస్థు. ఇక్కడ ఏ ఒక్క సాయంకాలమైనా నూరుమందిని పిలువగలనని చాటుకొనే ప్రభువు.

రెండవది గ్రంథాలయం. దాని పైకప్పు చెక్కిన అక్రోటు కలపతో చేసినది. ఇంగ్లండు రాజుల విండ్సరు కోటలోని గ్రంథాలయపు కప్పుకు అది ప్రతిరూపం. అపురూపమైన గ్రంథాలు, పవిత్ర ఖురాను ప్రతులు అక్కడ కొలువుదీరినవి. ఆ పుస్తకాలను తెరువగలిగినవారు నవాబు, నవాబు అతిథులు మాత్రమే. హైదరాబాదు తెలుగువారికి ఇక్కడ మరొక గ్రంథాలయం జ్ఞప్తికి రాక మానదు. 1901లో, వికారుల్ ఉమ్రా దివానుగిరీ ముగిసిన సంవత్సరంలోనే, అదే నగరంలో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది. రావిచెట్టు రంగారావుగారి ఇంటిలో అది ఊపిరి పోసికొన్నది. దానికి అక్రోటు కప్పు లేదు. కాని వచ్చి చదువుకొనదలచినవాడు ఎవడైనా అతిథియే. ఒక నగరం పెంపుకు ఏ కప్పు ఎక్కువ నీడనిచ్చినదో పాఠకులే నిర్ణయింపవచ్చును.

ఫలక్‌నుమాకు సుమారు 40 లక్షల రూపాయలు వ్యయమైనదని ప్రసిద్ధి. సంస్థానం మొత్తానికి ఏడాది పొడవునా వచ్చే ఆదాయం ఆ రోజులలో సుమారు 4 కోట్లు. పోల్చి చూచితే ఒక ఇంటి ఖర్చు ఒక రాజ్యపు ఆదాయంలో పదవ వంతు. పాయిగా జాగీరుల రాబడి ఎంత పెద్దదైనా ఈ భారాన్ని మోయలేకపోయినది. అప్పులు పెరిగినవి. ఇటలీనుండి పాలరాయి, ఇంగ్లండునుండి సామగ్రి, వెనిసునుండి దీపాలు ఓడలలో వచ్చి దిగుతూనే ఉన్నవి. ఒకటి కొన్నవానికి దానికి తగిన మరొకటి కొనక తప్పదు. ఇల్లు పెద్దదైనకొద్దీ యజమాని చిన్నవాడైపోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇంతలో రాజకీయంగా ఆయన దశ తిరిగినది. 1893లో ఆస్మాన్ జా ప్రధానమంత్రి పదవి వదలగా ఆ పదవి వికారుల్ ఉమ్రాకు లభించినది. ఇల్లు పూర్తియైన కాలమూ, పదవి వచ్చిన కాలమూ ఒక్కటే. 1901 వరకు, ఎనిమిదేండ్లపాటు ఆయన సంస్థానానికి దివాను. పాలనలో మంత్రులకు ఒక సభ, శాసనాలకు ఒక సభ ఏర్పడి, వ్యవహారమంతా క్రొత్త పద్ధతిలో నడవడం మొదలైనది ఆ కాలంలోనే. హైదరాబాదునుండి గోదావరీ లోయగుండా మన్మాడు వరకు రైలుమార్గం సాగినదీ ఆయన దివానుగిరీ చివరి సంవత్సరాలలోనే. దివాను మర్యాదకు లోటు రాకూడదు. విందులు తగ్గలేదు. కొండమీద దీపాలు ప్రతిరాత్రీ వెలుగుతూనే ఉన్నవి.

1897లో నిజాము మహబూబ్ అలీఖాన్ ఫలక్‌నుమాకు విడిదికి వచ్చినాడు. ఆ తరువాత జరిగినదానిని పాతబస్తీ పెద్దలు ఒక కథగా చెప్పుకొంటారు. ఇల్లాలు భర్త అప్పుల సంగతి గ్రహించినదట. తన సోదరుడైన నిజామును అతిథిగా పిలువుమని ఆమెయే సలహా ఇచ్చినదట. ఒకటి రెండు రోజులకని వచ్చిన ప్రభువు రోజులు గడిచినా, వారాలు గడిచినా కదలలేదట. ఇల్లు తమకు నచ్చినట్లున్నది, ఇది తమకు నా నజరానా అని నవాబు విన్నవించుకొన్నాడట. ప్రభువు స్వీకరించి, ఖర్చుకు తగిన సొమ్ము తన ఖజానానుండి ఇప్పించినాడట. కథలో మాట మాటకు ఎంత నిజమున్నదో అటుంచితే, దాని సారాంశం చరిత్రకు సరిపోయినదే. ఇల్లు నిజాము పరమైనది. బావమరిది సొమ్ము బావకు చేరినది.

ఈ కథలో చమత్కారం కన్న విషాదమే ఎక్కువ. తొమ్మిదేండ్లు ప్రతి రాయినీ ఎంచి పేర్పించిన మనిషి, తన పేరులోని అక్షరాలను గోడలమీద దిద్దించుకొన్న మనిషి, ఒకనాడు ఆ గోడలమధ్య చేతులు కట్టుకొని నిలువబడి, ఇది తమదే అని చెప్పవలసి వచ్చినది. దానం చేసినవాని పేరు వచ్చినది, అప్పు తీరినవాని ఊరట లభించినది. ఇల్లు మాత్రం పోయినది. కాపురం పెట్టిన నాటినుండి లెక్కించితే ఏడేండ్ల ముచ్చట.

ఆ సంవత్సరాలలో కొండ దిగువనున్న దేశం ఎట్లున్నదో చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1899-1900లో దక్కనును మహాక్షామం పట్టుకొన్నది. సంస్థానంలోని మరాఠ్వాడా జిల్లాలు ఎక్కువగా నలిగినవి. పశువులు పడిపోయినవి, పల్లెలు పాడుపడినవి. 1891 జనాభా లెక్కలలో సంస్థానపు ప్రజలు 1,15,37,040 మంది. పదేండ్ల తరువాత, 1901లో, 1,11,41,142 మంది. పెరుగవలసిన సంఖ్య సుమారు 4 లక్షలు తగ్గినది. ఈ పదేండ్లలో ఎనిమిదేండ్లు దివాను వికారుల్ ఉమ్రాయే. వానలు కురియకపోవడానికి ఏ దివానూ బాధ్యుడు కాడు. కాని ఒక వైపు 101 కుర్చీల బల్ల, మరొక వైపు లెక్కకు రాని ఆ 4 లక్షలమంది. విద్యార్థి చరిత్ర చదివేటప్పుడు ఈ రెండు అంకెలనూ ఒకే పుటలో వ్రాసికొనుట మంచిది. అంతమాత్రాన ఈ నవాబును దుర్మార్గుడని తీర్మానించడం న్యాయం కాదు. ఆ తరం ప్రభువులందరికీ ఐశ్వర్యమంటే కనబడవలసినది, ఆకలి అంటే కనబడనిది. కొండ ఎక్కినకొద్దీ దూరదృశ్యాలు బాగుగా కనబడతాయి. దగ్గరివి మాత్రం మరుగుపడతాయి.

ఫలక్‌నుమా చేయి జారిన తరువాత ఆయన నగరానికి ఉత్తరాన బేగంపేటలో మరొక మందిరం కట్టించుకొన్నాడు. దానిని పాయిగా ప్యాలెస్ అంటారు. 2008 మొదలు 2023 వరకు అమెరికా కాన్సలేటు కార్యాలయం అందులోనే ఉండినది. వీసాకోసం తెల్లవారుజామున బారులు తీరిన వేలాది తెలుగు విద్యార్థులలో ఎందరికి తెలుసునో, తాము నిలువబడినది ఫలక్‌నుమాను కట్టించిన మనిషి రెండవ ఇంటి గుమ్మంలో అని!

ఆ మందిరానికి సమీపంలోనే ఆయన ఒక మసీదు కట్టించడం ప్రారంభించినాడు. స్పెయిను దేశంలో కోర్డోవా నగరపు ప్రాచీన మసీదును చూచి ముగ్ధుడై, ఆ రీతిలో ఒకటి తన నగరంలో నిలుపవలెనని ఆయన కోరిక. గుర్రపు లాడము వంటి కమానులు, గుమ్మటాలకు బదులు కోసుగా లేచిన శిఖరాలు గల ఆ మసీదును నేటికీ జనం స్పానిష్ మాస్క్ అనే వ్యవహరిస్తారు. దూరాన్నుండి చూచినవారు క్రైస్తవ దేవాలయమేమోనని భ్రమపడడం కద్దు. ఇల్లు కట్టడంలో తీరని కోరిక ఏదో దేవుని ఇల్లు కట్టడంలో తీరుతుందని ఆయన భావించి ఉండవచ్చును. కాని అదీ ఆయన కంటిముందు పూర్తి కాలేదు.

1901లో దివాను పదవి పోయి, మహారాజా కిషన్ ప్రసాదుకు దక్కినది. మరుసటి సంవత్సరం, 1902లో, వికారుల్ ఉమ్రా మరణించినాడు. ఏబదియేండ్లు కూడ నిండలేదు. మసీదు పని కుమారుడు సుల్తానుల్ ముల్క్ చేతులమీదుగా 1906లో ముగిసినది. నవాబును పాతబస్తీకి ఆగ్నేయంగా ఉన్న పాయిగా సమాధులలో ఖననం చేసినారు. గచ్చుతో తీర్చిన ఆ సమాధుల నగిషీపనీ, జాలీల అల్లికా చూచి తీరవలసినవి. తన పేరు దిద్దిన గోడలు పరుల పాలైన మనిషికి, తాతతండ్రుల గోడలు చివరి నీడనిచ్చినవి.

ఇక ఇంటి కథ. ఫలక్‌నుమా నిజాముకు ఇష్టమైన విడిది అయినది, సంస్థానానికి వచ్చే గొప్ప అతిథులకు వసతిగృహమైనది. 1906లో, తరువాతి కాలాన అయిదవ జార్జి చక్రవర్తియైన వేల్సు యువరాజు హైదరాబాదుకు వచ్చినప్పుడు అక్కడనే విడిది చేసినాడు. అంటే హోటలు కావడానికి నూరేండ్ల ముందునుండియే ఆ ఇంటికి అతిథిసేవ అలవాటైనదన్నమాట. భేదమల్లా ఒక్కటే. ఆనాటి అతిథి వంశాన్ని చూపి లోపలికి వెళ్ళినాడు, ఈనాటి అతిథి రసీదు చూపి వెళ్తున్నాడు. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాన్ ఆ ఇంటిలోనే కన్నుమూసినాడు. ఆయన వయస్సు అప్పటికి 45. కట్టినవాడూ, పుచ్చుకొన్నవాడూ ఇద్దరూ ఏబదియేండ్లు చూడకుండానే వెళ్ళిపోయినారు.

ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో నివసించినాడు. పొదుపుకు పేరుపడిన ఆ ప్రభువు ఫలక్‌నుమాను అతిథులకు వదలినాడు. సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత, 1951లో, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు అక్కడ బస చేసినారు. ఆ ఇంటికి వచ్చిన చివరి గొప్ప అతిథి ఆయనే అని చెబుతారు. తరువాత తలుపులు మూతపడినవి. దశాబ్దాలపాటు 101 కుర్చీలమీద దుమ్ము కూర్చుండి భోజనం చేసినది. 1967లో ఉస్మాన్ అలీఖాన్ గతించగా, ఆస్తి మనుమడు ముకర్రం జాకు సంక్రమించినది. ఆయన ఎక్కువకాలం విదేశాలలోనే గడిపి, 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించినాడు. మక్కా మసీదులో పూర్వుల చెంత ఆయనకు చోటు దొరికినది.

2000 సంవత్సరం నుండి దాదాపు పదేండ్లు తాజ్ సంస్థ ఆ భవనాన్ని బాగుచేయించినది. ముకర్రం జా మాజీ పత్ని యువరాణి ఎస్రా దగ్గర ఉండి ఆ పనిని పర్యవేక్షించినది. కట్టడానికి తొమ్మిదేండ్లు పట్టిన ఇల్లు బాగుచేయడానికీ ఇంచుమించు అంత కాలమే తీసికొన్నది. 2010లో 60 గదులతో హోటలు ప్రారంభమైనది. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇవాంకా ట్రంపుకూ, పారిశ్రామికవేత్తల సదస్సుకు వచ్చిన ప్రతినిధులకూ అక్కడ విందు ఇచ్చినారు. వికారుల్ ఉమ్రా చేయించిన ఆ పొడవైన బల్ల మరల పత్రికలకెక్కినది.

రాజుల ఇండ్లు పూటకూళ్ళ ఇండ్లు కావడం తగునా అని కొందరు నొచ్చుకొంటారు. ఆలోచించి చూచితే అది నొచ్చుకొనవలసిన సంగతి కాదు. ఇల్లనేది మనుష్యుల అలికిడితో బ్రతుకుతుంది. కప్పుమీద రావిమొక్క మొలిచి, దూలాలకు చెదలు పట్టి కూలిన గడీలు తెలంగాణ పల్లెలలో ఎన్ని లేవు! ఇక్కడ కప్పు నిలిచినది. రంగులు నిలిచినవి. వంటవాండ్రకు, తోటమాలులకు, సేవకులకు అన్నం దొరుకుతున్నది. చింతింపవలసినది మరొకటి ఉన్నది. ఆ కొండ దిగువనే పుట్టి పెరిగిన పాతబస్తీ బాలుడు ఆ భోజనశాలను చూడకుండానే ముసలివాడు కావచ్చును. నవాబుల కాలంలో అతనిని ఆపినది అంతస్తు, నేడు ఆపుతున్నది ధర. అదే నవాబు కోరి మొదలుపెట్టిన బేగంపేట మసీదులో మాత్రం నమాజుకు వచ్చిన వానిని ఎవరూ ఏమీ అడుగరు. ఒకే మనిషి కట్టించిన రెండు కట్టడాలలో తనదిగా దాచుకొనదలచినది చేజారినది, అందరికీ వదలినది ఆయన పేరుమీదనే నిలిచినది.

పాఠశాలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు రాజుల పట్టాభిషేకాల తేదీలతోపాటు ఇటువంటి ఇండ్ల కథలు కూడ చెప్పవలె. ఒక ఇంటిలో ఒక కాలపు అభిరుచి, ఆడంబరం, అప్పు, ఆకలి అన్నీ కలిసి కాపురముంటాయి. ఫలక్‌నుమాలో ఈ రాత్రి విడిది చేసిన అతిథి రేపు ఉదయం లెక్క చెల్లించి బండి ఎక్కుతాడు. నవాబు ఏడేండ్లుండి వెళ్ళినాడు, నిజాము పద్నాలుగేండ్లు అనుభవించి వెళ్ళినాడు, ఈతడు ఒక్క రాత్రి ఉండి వెళ్తున్నాడు. లెక్కలో హెచ్చుతగ్గులే గాని ముగ్గురూ అతిథులే. వెళ్ళేవానికి వెనుదిరిగి చూచే తీరిక ఉంటే, గోడమీద ఆ రెండక్షరాలు కనబడతాయి. ఇల్లు కట్టి చూచినవానికి చివరకు మిగిలిన ఆస్తి అదే.